కత్తిపీట ఆయుధం కాదు

ఈ సంగతి గురించి నేను చదువుకున్న బడికి ఇప్పటికి ఏడు ఉత్తరాలు రాశాను. నాలుగు కాగితం మీద, మూడు ఈమెయిల్లో. ఒక్కదానికీ జవాబు లేదు. (చివరి ఈమెయిలుకి మాత్రం 'మీ సందేశం అందింది, ధన్యవాదాలు' అని క్షణంలో వచ్చింది. అది మనిషి రాసింది కాదని తెలియక రెండు రోజులు సంతోషంగా తిరిగాను.) అందుకే ఇక మీతోనే చెప్పుకుంటున్నాను. ఆ రోజుల్లో, అంటే తొంభైల చివర్లో, కువైట్‌లో మా బోటి పిల్లలకి లోకమంటే ఖైతాన్‌లో రెండు గదుల ఫ్లాటు, బడి బస్సు, బడి. అంతే. ఆ బడిలో పాఠాల కంటే సర్క్యులర్లు ఎక్కువ. జుట్టు పొడవు మీద ఒకటి, బూట్ల రంగు మీద ఒకటి. వాటన్నిటి కిందా వైస్ ప్రిన్సిపాల్ గారి సంతకం ఉండేది కాబట్టి మేము ఆవిడకి సర్క్యులర్ మేడమ్ అని పేరు పెట్టుకున్నాం.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఒకే రోజు రెండు సర్క్యులర్లు వచ్చాయి. పసుపు కాగితం మీద ఉన్నది ఎగ్జిబిషన్ గురించి: ప్రతి విద్యార్థీ తన ఇంట్లో వాడే సంప్రదాయ పనిముట్టు ఒకటి మంగళవారం తేవాలి, పది మార్కులు. నీలం కాగితం మీద ఉన్నది భద్రత గురించి: ఇకపై బడి ఆవరణలోకి కత్తులు, పదునైన వస్తువులు, ఏ రకమైన ఆయుధాలూ తేరాదు. తెస్తే స్వాధీనం చేసుకుని రిజిస్టర్లో పేరు రాస్తారు. రెండింటి కిందా ఒకే సంతకం. నేను రెండూ శ్రద్ధగా చదివాను. (నేను అన్నీ శ్రద్ధగా చదువుతాను, నా కష్టాలన్నీ అక్కడే మొదలవుతాయి.) పనిముట్టు వేరు, ఆయుధం వేరు కదా అనుకుని, మంగళవారం పొద్దున్న అమ్మ వంటింట్లో లేని సమయం చూసి, మా కత్తిపీటని పాత లుంగీలో చుట్టి, బియ్యం సంచిలో పెట్టుకుని బస్సెక్కాను.

ఆ కత్తిపీట సామాన్యమైంది కాదు. కోనసీమ నుంచి అమ్మతో పాటు పెట్టెలో వచ్చింది. బొంబాయి ఎయిర్‌పోర్టులో పెట్టె విప్పించి చూసినవాళ్లు కూడా దాన్ని ఏమీ అనలేదు. అమ్మ మా ఫ్లాటులోనే పదిమంది బ్రహ్మచారులకి క్యారియర్లు కట్టేది. పీట మీద కుడికాలు వేసి తొక్కిపెట్టి ఆవిడ కూరలు తరుగుతుంటే రేడియో వింటున్నట్టు ఉండేది. మామూలు చాకుతో తరగడం ఆవిడకి రాదు. ఇదంతా నాకు తెలుసు. సాయంత్రానికి తిరిగి తెచ్చేస్తాను కదా అనుకున్నాను.

గేటు దగ్గర కేరళ గార్డు, మేమంతా చేట్టా, అంటే అన్నా, అని పిలిచే ఆయన, సంచి విప్పాడు. విప్పి, మొహం వెడల్పు చేసుకుని నవ్వాడు. "అరే, మేరా ఘర్ మే భీ హై, నారియల్ వాలా!" అని, వాళ్లింట్లోనూ కొబ్బరికి ఇలాంటిదే ఉందని హిందీలో అంటూ, కొన మీది కొబ్బరి కోరాన్ని వేలితో తడిమాడు. అక్కడితో వదిలేసేవాడే. కానీ ఆయన వెనక సర్క్యులర్ మేడమ్ నిలబడి ఉంది. పాపం, చేట్టా రిజిస్టర్ తీశాడు. 'ఆయుధం రకం' అనే గడి దగ్గర ఆగి, దీన్ని ఇంగ్లీషులో ఏమంటారని నన్నడిగాడు. కూరలు తరిగేదని చెప్పొచ్చు. కొబ్బరి కోరేదని చెప్పొచ్చు. కానీ ఆ ఏడాది ఇంగ్లీషులో క్లాసు ఫస్టు నేనే. ఛాతీ విరుచుకుని, కత్తిని కత్తిగా, పీటని పీటగా అనువదించాను. "నైఫ్ చైర్."

చేట్టా అలాగే రాసుకున్నాడు: నైఫ్ చైర్, ఒకటి. పక్క గడిలో నా పేరు, తరగతి, సెక్షన్. మేడమ్ ఆ మాట చదివి నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. అంతవరకు అది ఒక కత్తి మాత్రమే. ఇప్పుడు కూర్చుని మరీ పొడిచే ఏర్పాటు ఉన్న కత్తి. 'నేను ఇకపై బడికి ఆయుధం తీసుకురాను' అని యాభైసార్లు రాసుకురమ్మంది. కత్తిపీట ఆఫీసు బీరువాలోకి పోయింది. ఎగ్జిబిషన్‌లో మొదటి బహుమతి మా బెంచిలోనే కూర్చునే బూందీగాడికి వచ్చింది. వాడు తెచ్చింది అప్పడాల కర్ర. దానికి ఏ సర్క్యులరూ అడ్డం రాలేదు. తెలుగువాళ్ల ఇళ్లలో ఏది ఎక్కువసార్లు ఆయుధమయిందో నేను చెప్పాలా?

ఆ సాయంత్రం అమ్మ చాకుతో తరగబోయి వేలు కోసుకుంది. రాత్రి క్యారియర్లు తెరిచిన బ్రహ్మచారుల్లో పెద్దాయన వచ్చి, "అక్కా, ఈ బెండకాయలు తరిగారా, కొరికారా?" అని అడిగాడు. అమ్మ నా వంక చూసింది. నేను మొత్తం చెప్పేశాను. షుఐబాలో కాంట్రాక్టు పని చేసి అప్పుడే బస్సు దిగి వచ్చిన నాన్న, "ఖలాస్, వదిలేయండి. పెద్దోళ్లతో మనకెందుకు? శెలవులకెళ్లినప్పుడు ఇంకోటి తెచ్చుకుందాం," అన్నాడు. "శుక్రవారం గుత్తొంకాయని మాటిచ్చేనండి. అప్పటిదాకా ఆళ్లకి శెలవులు వండిపెట్టనా?" అంది అమ్మ.

మర్నాడు అమ్మ బడికి వచ్చింది. వేలికి కట్టు, చేతిలో వంకాయల సంచి. ఆఫీసులో అనువాదానికి నన్ను పిలిపించారు. అది ఆయుధం, తిరిగివ్వడం కుదరదు అంది మేడమ్.

"ఏంటంటందిరా ఈవిడ?"

"ఆయుధమంటున్నారమ్మా."

"ఆయుధమా? దాంతో మనిషిని ఎలా పొడవాలో ఓసారి సూపించమను. ఎత్తేసరికే నడుం పట్టేత్తది."

"కొంచెం బరువుంటుందని చెబుతోంది మేడమ్," అన్నాను ఇంగ్లీషులో.

పదును ఉందా లేదా అని అడిగింది మేడమ్.

"పదును లేకపోతే కూర తెగుద్దా? ఈవిడెప్పుడన్నా వంటింటి గుమ్మం తొక్కిందేంట్రా?"

"మా అమ్మ మీ ఆరోగ్యం ఎలా ఉందని అడుగుతోంది మేడమ్."

అనువాదకుడి మీద నమ్మకం పోయిందేమో, అమ్మ తనే లేచి, బీరువా ముందు నిలబడ్డ చేట్టాకి చేత్తో సైగ చేసింది. ఆయన మేడమ్ వంక చూడకుండా కత్తిపీట తీసి కింద పెట్టాడు. అమ్మ ఆఫీసు తివాచీ మీద కాగితం పరిచి, పీట మీద కాలు వేసి కూర్చుని, ఒక వంకాయని తొడిమ దగ్గర విడిపోకుండా నాలుగు పక్షాలుగా చీల్చి పైకెత్తి చూపించింది.

"సూడండమ్మా. కత్తయితే కత్తి కదులుద్ది, కూర కదలదు. దీనికి కత్తి కదలదండి, కూరే దాని దగ్గరికెళ్తది. మనం ఎళ్లకపోతే ఇది ఎవర్నీ ఏం సెయ్యదండి."

ఈ ఒక్కటి మాత్రం నేను మాట పొల్లుపోకుండా అనువదించాను. మేడమ్ ఆ వంకాయ తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత గొంతు బాగా తగ్గించి, "ములక్కాడ కూడా తెగుతుందా?" అని అడిగింది.

"ఆయ్! ములక్కాడేంటండి, కంద కూడా."

కత్తిపీట మా ఇంటికి వచ్చింది. శుక్రవారం గుత్తి వంకాయ అయింది, పెద్దాయన మూడుసార్లు వడ్డించుకున్నాడు. అందరూ సంతోషించారు, నేను తప్ప. ఎందుకంటే రిజిస్టర్లో 'ఆయుధం తల్లికి అప్పగించబడింది' అని రాశారు. ఆ మాట కొట్టేయమని అక్కడే అడిగాను. "క్లాసుకి వెళ్లు," అంది మేడమ్. యాభైసార్ల శిక్షలో నేను 'ఇకపై తీసుకురాను' బదులు 'తీసుకురాలేదు' అని రాసి ఇచ్చాను. పట్టుకుంటారని ఎదురుచూశాను. ఎవరూ చదవలేదు. నాకు జవాబు రాని ఉత్తరాల్లో అదే మొదటిది.

ఇప్పుడు నేను షుఐబాలోనే ఒక కాంట్రాక్టు క్యాంపులో సేఫ్టీ ఆఫీసర్ని. (నవ్వండి, ఫర్వాలేదు.) మొన్నామధ్య రాజోలు నుంచి కొత్తగా వచ్చిన వంటాయన్ని గేటు దగ్గర ఆపి, ఆయన కత్తిపీటతో సహా నా బల్ల ముందుకి తెచ్చారు. తొమ్మిదో నిబంధన ప్రకారం పదునైనవి లోపలికి రాకూడదు. వంటాయన మూడో నిబంధన చూపించి, "వంటోళ్లు సామాను తామే తెచ్చుకోవాలని రాసేరు గదండి. దేన్ని వినమంటారు?" అన్నాడు. రెండూ రాసింది నేనే. రెండింటి కిందా నా సంతకమే. నా నోటి నుంచి వెంటనే వచ్చిన మాట, "ముందు పనికి వెళ్లండి!" ఆ గొంతు ఎక్కడో విన్నట్టు అనిపించి ఆగిపోయాను. తర్వాత ఆయన్ని కూర్చోబెట్టి, గేటు రిజిస్టర్ తెప్పించి, 'ఆయుధం' అన్న మాట అడ్డంగా కొట్టేసి, పైన 'కూరలు తరిగేది' అని రాసి సంతకం పెట్టాను. తొమ్మిదో నిబంధన ఆ రోజే మార్చాను. మొత్తం అయిదు నిమిషాలు పట్టింది.

అయిదే నిమిషాలు. అందుకే ఆ బడికి ఎనిమిదో ఉత్తరం రాస్తున్నాను. ఆ బడి ఆఫీసులో ఇప్పుడు ఎవరు కూర్చున్నారో నాకు తెలియదు. కానీ పాత రిజిస్టర్లో, ఎనిమిదో తరగతి బి సెక్షన్ పిల్లాడొకడి పేరు పక్కన, 'నైఫ్ చైర్, ఒకటి' అని చేట్టా చేతిరాత ఉంటుంది. ఆ అనువాదం తప్పు నాదే, ఒప్పుకుంటాను. ఆయుధమన్నది మాత్రం, ఆఫీసువారూ, మీ తప్పు. ఆ పసుపు కాగితాన్ని వినాలా, నీలం కాగితాన్ని వినాలా? ఆ మాట మీద ఒక గీత గీసి, ఒక్క ముక్క జవాబు రాయండి. ఈసారి మనిషే రాయాలి.