డ్యూటీ చార్టు వినే మనిషి

మోకాళ్ళు అరిగిపోయాక నన్ను బస్సు దింపి డిపో ఆఫీసులో కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. జీవితమంతా నిలబడి టికెట్లు కొట్టినవాణ్ణి, కూర్చోవడం నాకు కొత్త. డ్రైవర్లూ కండక్టర్లూ వచ్చి రేపటి డ్యూటీ ఏమిటని అడుగుతారు. నేను చార్టు చూసి చెప్తాను. వాళ్ళు నన్ను నాలుగు తిట్టి వెళ్ళిపోతారు. చార్టు వేసేది నేను కాదని వాళ్ళకీ తెలుసు. కానీ వేసే పెద్ద గుమాస్తా లోపల కూర్చునేవాడు, ఎదురుగా దొరికేవాణ్ణి నేను.

ఆయన రిటైరయ్యాక ఆ కుర్చీలోకి ఒకావిడ వచ్చింది. నలభై దాటిన మనిషి, నల్లద్దాలు, చేతిలో మడతపెట్టే కర్ర. ఆవిడ ముఖం కొత్తేమో గానీ గొంతు మాకు కొత్త కాదు. డిపోకి ఫోన్ చేస్తే ఏ బస్సు ఎప్పుడో చెప్పే గొంతు అదే. పాతికేళ్ళు నిండకముందే చూపు మెల్లమెల్లగా తగ్గిపోయి, చివరికి పూర్తిగా పోయిందట. అప్పటినుంచీ ఎంక్వయిరీ గదే ఆవిడ లోకం. జనం ఎవరి ఫోన్లో వాళ్ళే బస్సులు చూసుకోవడం మొదలెట్టాక ఆ గదికి తాళం పడింది.

ఆవిణ్ణి పెద్దాఫీసుకి పంపేద్దామన్నారు. అక్కడ వరండా చివర ఒక కుర్చీ ఉంది. అందులో కూర్చున్నవాళ్ళు పొద్దున ఒక సంతకం, సాయంత్రం ఒక సంతకం పెడతారు, మధ్యలో ఎవరైనా పలకరిస్తే పొంగిపోతారు. ఆ మాట విన్న రోజు ఆవిడ ఇంటికెళ్ళి ఏడ్చిందని తర్వాత వాళ్ళాయన చెప్పాడు. ఆయన దర్జీ. తెల్లవారుజామున మొదటి బస్సెక్కి కొట్టుకి పోతాడు, సాయంత్రం ఆవిణ్ణి తీసుకెళ్ళడానికి వస్తాడు. మర్నాడు ఆవిడ కళ్ళు తుడుచుకుని నేరుగా మేనేజరు గదిలోకి వెళ్ళి, మాట్లాడే కంప్యూటరు తనకి వచ్చనీ, చార్టు పని తనకిమ్మనీ అడిగింది.

మా మేనేజరు మంచివాడే, కాకపోతే నీడని చూసినా ఉలిక్కిపడే రకం. సెలవుల రద్దీ అయ్యేదాకా చూద్దామన్నాడు. ఒక్క ఫిర్యాదు కూడా రాకుండా గడిస్తే కుర్చీ ఆవిడదే. లేకపోతే పెద్దాఫీసుకి పంపే కాగితం మీద సంతకం పెట్టేస్తాడు. ఆ కాగితం టైపై ఆయన సొరుగులో సిద్ధంగా ఉందన్న సంగతి డిపో అంతటికీ తెలుసు.

నాకో జబ్బుంది. పక్కవాళ్ళు ఏం చేస్తున్నారో తెలుసుకోకపోతే తిన్నది అరగదు. చూపు లేని మనిషి ఆ చార్టు ఎలా చదువుతుంది? అడ్డంగా తారీఖులు, నిలువుగా బస్సులు, ప్రతి గడిలోనూ ఒక మనిషి. ఒకే పేరుగలవాళ్ళు ఎక్కువై, పెద్ద గుమాస్తా అందరికీ ముద్దుపేర్లే ఎక్కించాడు. తెరలో పట్టక పక్కకీ కిందకీ జరుపుకుంటూ చూస్తుంటే నాకే కళ్ళు తిరిగేవి. మొదటిరోజంతా ఓరకంట గమనించాను. ఆవిడ వచ్చీ రాగానే తెర ఆపేసింది. ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుంది, రెండో చెవి మాకు వదిలేసింది. వేళ్ళు బాణం మీటల మీద అటూ ఇటూ పోతున్నాయి. ముందర నల్లటి తెర.

ఉండబట్టలేక అడిగేశాను. ఆవిడ నవ్వి ఇయర్‌ఫోన్ తీసి నాకిచ్చింది. రేకుల కప్పు మీద వడగళ్ళు పడుతున్నట్టుంది లోపల. అది తెలుగేనని ఆవిడ ఒట్టు వేస్తే గానీ నమ్మలేదు. వేగం తగ్గించాక ఒక్కొక్క మాటా విడివడింది, ముందు గడి గుర్తు, తర్వాత అందులో ఉన్న పేరు: కె పన్నెండు, ఖాళీ. కె పదమూడు, బ్రేకు బాబాయ్. కె పద్నాలుగు, ఖాళీ.

"మీరు బస్సెక్కగానే సీటెక్కడ ఖాళీగా ఉందో ఒక్క చూపులో చూసేస్తారు కదన్నయ్యా. నేను ఒక్కో సీటూ తడుముకుంటూ పోవాలి. కానీ ఒకసారి తడిమానంటే బస్సంతా నా తలలో ఉంటుంది," అంది.

నేనూ కళ్ళు మూసుకుని ప్రయత్నించాను. కిందకి మూడు మీటలు నొక్కేసరికి ఎక్కడున్నానో తెలియలేదు. పక్కకి పోతే ఖాళీ, ఇంకా పక్కకి పోతే ఖాళీ, ఆ తర్వాత ఉన్నట్టుండి ఎక్కడికో దూకింది. తప్పిపోయిన పిల్లాడిలా కళ్ళు తెరిచేశాను. అది నా చేతకానితనం కాదట, పెద్ద గుమాస్తా అందం కోసం చేసిన నిర్వాకమట. చూడ్డానికి బాగుంటుందని ఆయన రెండేసి మూడేసి గడుల్ని కలిపేశాడు, వరుసకీ వరుసకీ మధ్య ఖాళీలు వదిలాడు. చూసేవాళ్ళకి అది ముచ్చట. వినేవాళ్ళకి మాత్రం మెట్టుందనుకుని లేనిచోట కాలు పెట్టడం. ఆవిడ ఓపిగ్గా కూర్చుని కలిపిన గడుల్ని విడదీసింది. ఏ గడిలోకి వెళ్ళినా ముందు బస్సు నంబరు, తర్వాత తారీఖు, ఆ తర్వాతే మనిషి పేరు వినబడేలా అమర్చుకుంది. కనబడినవాణ్ణల్లా ఆపి ప్రశ్నలతో నమిలేసింది. ఎవరికి ఏ దారి తెలుసు, ఎవరికి ఏ బండంటే పడదు, అన్నీ. ఆవిడకి చార్టమ్మ అని పేరు పెట్టింది మా డ్రైవర్లే.

"నిద్రలో కూడా కె పన్నెండు, కె పదమూడు అంటోందండీ," అన్నాడు ఓ సాయంత్రం దర్జీ. పైకి విసుగు, గొంతులో మాత్రం మురిపెం.

రద్దీ మొదలైంది. బస్సులన్నీ వేళకి కదులుతున్నాయి. కిటికీ దగ్గర ఒక్క తిట్టు లేదు. ఇంత ప్రశాంతత నేనెన్నడూ ఎరగను. మేనేజరు ఈల వేసుకుంటూ తిరుగుతున్నాడు. చార్టమ్మ ముఖం వెలిగిపోతోంది. నాకూ గర్వంగానే ఉంది, అబద్ధమెందుకు.

ఆ వారం చివర్లో ఒక తెల్లవారుజామున బ్రేకు బాబాయ్ డ్యూటీ చీటీ కోసం కిటికీ దగ్గరకొచ్చాడు. ఒక్క కుదుపు లేకుండా బండి ఆపుతాడని ఆ పేరు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి, నిలబడే తూలుతున్నాడు. ఏమిటని అడిగితే, రాత్రి సర్వీసు నడిపి ఇప్పుడే దిగానన్నాడు. మరి మళ్ళీ మొదటి బస్సేమిటన్నాను.

"చార్టులో పడిందిగా. నువ్వు నోరు మూసుకో. ఫిర్యాదంటూ వెళ్తే ఆవిడ కుర్చీ పోతుంది. ఎలాగో నెట్టుకొస్తాం."

చీటీ ఇవ్వకుండా, ఆయన్ని పడుకోమని తరిమి, ఖాళీగా ఉన్న డ్రైవరుకి బండి ఇచ్చాను. తర్వాత ఆరా తీస్తే తెలిసింది. రాత్రి బండి దిగినవాళ్ళకి పొద్దుటి బండి పడటం ఆ వారంలో చాలాసార్లు జరిగిందట. రెస్టు రూములో వాళ్ళలో వాళ్ళే గుట్టుగా మార్చుకున్నారు, మార్చుకోవడం కుదరనప్పుడు అలాగే నడిపేశారు. మా ప్రశాంతతంతా అదన్నమాట.

ఆవిడ రాగానే చెప్పేశాను. చెప్తుంటే ముఖంలో వెలుగు కళ్ళముందే ఆరిపోయింది. రాత్రి సర్వీసు చేసినవాళ్ళెవరో తనకెలా తెలియాలని అడిగింది. ఆ మనుషుల్ని వేసేది వేరే గుమాస్తా. అతన్ని పిలిపించాను. తను తీసుకున్నవాళ్ళ గడుల్ని రోజూ చార్టులో పసుపు చేసి వెళ్తున్నానన్నాడు అతను.

"కనబడుతూనే ఉందిగా మేడమ్..." అని నాలుక కరుచుకున్నాడు.

పసుపంటే రాత్రి మనిషి, వాడి జోలికి పోకు. డిపోలో ఊడ్చేవాళ్ళకి కూడా తెలుసది. తెలుసు కాబట్టే అదొక చెప్పాల్సిన విషయమని ఒక్కరికీ తట్టలేదు, నాతో సహా.

గడి రంగేమిటో కంప్యూటరు చెప్పలేదా అని అడిగాను. చెప్తుందట, దానికో మీట ఉందట.

"రంగుందని తెలిస్తే అడుగుతానన్నయ్యా. ఉందనే తెలియనిదాన్ని ఏమని అడగను?"

అప్పటికప్పుడే ఆ మీట నొక్కుకుంటూ చార్టంతా మొదటినుంచీ తడమడం మొదలెట్టింది. పసుపు, తెలుపు, తెలుపు, పసుపు. మధ్యలో ఒకచోట గులాబీ వచ్చింది. గులాబీ ఏమిటని నన్నడిగింది. ఇన్నేళ్ళుగా చూస్తున్నాను గానీ అదెందుకో ఆలోచించలేదు. రిటైరైన పెద్ద గుమాస్తాకి ఫోన్ చేశాం. ఆయన కాసేపు గొణిగి, అవి కిటికీ దగ్గర గొడవ పెట్టుకునేవాళ్ళ పేర్లని ఒప్పుకున్నాడు. వాళ్ళకి కావాలని పాత బండ్లు పడేసేవాడట. అంత బాధలోనూ ఆవిడకి నవ్వు ఆగలేదు. తర్వాత రాత్రి మనుషుల కోసం కొత్త వరుస ఒకటి కలిపి, రంగుకి బదులు మాట రాయమని ఆ గుమాస్తాకి చెప్పింది. పని అంతే, చిటికెలో అయిపోయింది.

పని అయ్యాక కర్ర తీసుకుని లేచింది. ఎక్కడికంటే మేనేజరు దగ్గరికంది. తప్పు సరిదిద్దేశాం కదా, ఎవరికీ తెలియదు కదా, చేజేతులా కొంప ముంచుకోవద్దని బతిమాలాను. వినలేదు. నేనూ వెంట నడిచాను. ఆవిడ జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పింది.

"ఫిర్యాదు ఒక్కటీ రాలేదే," అన్నాడు మేనేజరు.

"అదేనండీ నా ఫిర్యాదు."

ఆయన సొరుగు వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఇంకో వారం చూద్దామని అప్పటికి తప్పించుకున్నాడు.

అక్కణ్ణుంచి ఆవిడ రెస్టు రూముకి వెళ్ళింది. పడుకున్నవాళ్ళు లేచి కూర్చున్నారు. ఆవిడ అరవలేదు, ఏడవలేదు. ఆ మొదటి బస్సులో రోజూ మా ఆయన ఎక్కుతాడు, అని మాత్రం చెప్పింది. తప్పుంటే కిటికీ దగ్గరకొచ్చి తన ముఖం మీదే చెప్పమంది. బ్రేకు బాబాయ్ తల దించుకున్నాడు. తల దించుకున్నాడని ఆవిడకి చెప్పాలో వద్దో నాకు తెలియలేదు.

మర్నాడు తప్పు చెప్పడానికి ఎవరూ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. చీటీలు తీసుకుని, అమ్మా నమస్కారం అని, పిల్లుల్లా జారుకున్నారు. ఆవిడ మధ్యాహ్నం సరిగా తినలేదు. వీళ్ళు మళ్ళీ దాస్తున్నారన్నయ్యా అంది. వాళ్ళ మీద నాకు ఒళ్ళు మండిపోయింది. జాలి పేరుతో ఓ మనిషిని వరండా చివరకి నెట్టేస్తున్నారు వెధవలు.

మూడోరోజు సాయంత్రం పొడుగు డ్రైవరు వచ్చాడు. నోటికి తాళం లేని మనిషి. గులాబీ గడుల్లో మొదటి పేరు అతనిదే. వచ్చీ రాగానే కిటికీ చెక్క మీద దబదబ బాదాడు. గతుకుల దారి తనకే వరసగా వేసిందట, నడుం విరిగిపోతోందట, చార్టు వేస్తున్నారా చీట్లాట ఆడుతున్నారా అంటూ డిపో కప్పు ఎగిరిపోయేలా అరిచాడు. నేను వాడి నోరు మూయించబోతే ఆవిడ నా చెయ్యి పట్టి ఆపింది. మీటలు టకటకమన్నాయి. వరసగా కాదు, మధ్యలో సెలవు పెట్టావు అంది. సెలవు లెక్కేమిటని అతను. లెక్కేనని ఈవిడ. మేనేజరు కంగారుగా గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. వాళ్ళిద్దరూ ఆయన్ని పట్టించుకోలేదు. చివరికి ఒకరోజు మార్చడానికి ఆవిడ ఒప్పుకుంది, రెండోరోజు నడపడానికి అతను ఒప్పుకున్నాడు. ఈవిడతో వేగలేమని గొణుక్కుంటూ పోయాడు. మేనేజరు గుమ్మంలో ఇంకాసేపు నిలబడ్డాడు.

"పాతాయనున్నప్పుడూ ఇంతేగా," అని తనలో తను అనుకుంటున్నట్టు అని లోపలికి వెళ్ళాడు. చార్టు కింద ఇంకా పెద్ద గుమాస్తా పేరే ఉంది. అది తీయించి, ఆ సాయంత్రమే ఆవిడ పేరు వేయించాడు.

ఆ సంగతి చెప్తే ఆవిడ విన్నట్టు లేదు. అద్దాలు తీసి కళ్ళు తుడుచుకుంటోంది. అతని మాటలకి బాధపడిందేమోనని నేను తిట్లు లంకించుకున్నాను.

"ఫోన్లో నన్ను తిట్టినవాళ్ళు చాలామంది ఉన్నారన్నయ్యా. నాకు చూపు లేదని వాళ్ళకి తెలియదు," అంది. "తెలిసి తిట్టింది ఇతనొక్కడే."

తర్వాత అద్దాలు పెట్టుకుని, రేపు సెలవు పెట్టినవాళ్ళెవరో చదవమంది.