పాండురంగం గవాచి

తాండూరులో నక్షా గీయాలంటే పాండురంగమే గీయాలి. ఆయన కాగితం మీద ఇల్లు గీస్తే, గూడు పెట్టుకుందామని పిచ్చుకలు వచ్చి వాలేవి. నమ్మకపోతే మీ ఇష్టం. ఎనిమిదో తరగతిలోనే బడికి దండం పెట్టిన నేను, అబద్ధాలాడేంత చదువు చదవలేదు.

1961 వానకాలంలో వికారాబాదులో ఇంజనీర్లు, ఆర్కిటెక్టుల సభ పెట్టారు. ఇంట్లో వెలుతురు గురించి మాట్లాడమని పాండురంగానికి పిలుపు వచ్చింది. అక్కడ ఆయన మాట నెగ్గితే తాండూరు ఆడపిల్లల బడి ఆయన నక్షా ప్రకారం కడతారు. నెగ్గకపోతే పట్నం నుంచి వచ్చిన నక్షాతో కడతారు. నిద్రలో కూడా ఆయనకదే ఫికరు.

ఆయన నమ్మకమంతా గవాచి మీద. మట్టి మిద్దెకు వెలుతురు కోసం పైన వదిలే కంతను మా వైపు గవాచి అంటారు. ఫొటో స్టూడియోలో వెలుతురు కొలిచే మీటరు అడిగి తెచ్చి, ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి కొలిచాడు.

"ఎండను గుడ కొలుస్తున్నవా పాండురంగం? రేపు దానికి గుడ పన్నేస్తరా ఏంది?" అని ఒక ఇంట్లో హన్మమ్మ చేట పట్టుకుని తరిమింది.

చివరికి బడి గదికి అట్టతో నమూనా చేశాడు. కింద నున్నటి తాండూరు బండ పరిచాడు, లోపలి గోడ మీద అక్షరాలు రాశాడు, అవి చూడటానికి ఎదుటి గోడకు ఒక చూపుకంత వదిలాడు, పైన గవాచి పెట్టాడు, దాని మీదికి మూత బండ కూడా చేశాడు. రైలెక్కించింది నేనే. ఆ బరువుకు ఇంజను అనంతగిరి కనపడగానే మూలిగింది. పాండురంగం భార్య రుక్కమ్మ కూడా మాతో వచ్చింది. నమూనాను సభ బయట ఎండలో పెట్టి, మేకలు అట్ట తినకుండా ఆమెను కాపలా ఉంచాం.

లోపల పాండురంగం మస్తుగా మాట్లాడాడు. "కిటికీ పక్క నుంచే వెలుగునిస్తుంది. గవాచి నడినెత్తి నుంచి గది నడుమకిస్తుంది" అనేసరికి చప్పట్లు మోగాయి. సభ పెద్ద అయిన ముసలి ఇంజనీరు తలూపాడు. "రండి, కళ్లతో చూద్దురుగాని" అంటూ పాండురంగం అందరినీ బయటికి నడిపించాడు.

ముసలి ఇంజనీరు వంగి, నమూనా గోడకున్న చూపుకంతకు కన్ను ఆనించాడు. చాలాసేపు చూశాడు.

"ఇందులో బడి ఎక్కడయ్యా? నాకు అమావాస్య కనిపిస్తోంది."

పాండురంగం మొహం మాడింది. మీదికి చూస్తే గవాచి మీద మూత బండ, దాని మీద గోనెసంచి!

"ఎవరు మూసిండ్రే?"

"నేనే. జర తుంపర వడ్డది" అంది రుక్కమ్మ. "వానొస్తె గవాచి మూయకుంట ఉంటరా? పొయ్యిల నీళ్లు వడయా?"

"గిది బొమ్మనే! దీంట్ల పొయ్యేడుంది?"

"బొమ్మైతేంది? అట్ట నానదా?"

నవ్వులు మొదలయ్యాయి. ముసలి ఇంజనీరు మాత్రం నవ్వలేదు. "వానకాలమంతా మూసే ఉంచితే పిల్లలు చదివేదెట్లా?" అని అడిగాడు.

మీటరు పట్టుకుని తిరిగిందంతా ఎండాకాలంలోనే. పాండురంగం గడ్డం గోక్కున్నాడు, నన్ను చూశాడు, నేను మేకలను చూశాను. చటుక్కున సభకు వండుతున్న వంటవాళ్ల దగ్గరికి పరుగెత్తి, ఉల్లిగడ్డలు కోసే కత్తి తెచ్చాడు. రెండు గోడలకూ చూరు కింద పొడవాటి కిటికీలు కోశాడు. పాపం, అంత చప్పట్లు కొట్టించిన గవాచి మీది మూత అట్లాగే ఉంచాడు.

"ఇప్పుడు చూడుండ్రి సారూ."

ముసలాయన మళ్లీ వంగాడు. "ఉల్లిగడ్డ వాసనొస్తోంది గానీ, గోడ మీద అక్షరాలు కనిపిస్తున్నాయి. కిటికీలతో గీసి పంపు. బడి నీదే."

తిరుగు రైల్లో అందరం సంబరంగా ఉంటే పాండురంగం ఒక్కడే మూతి ముడుచుకుని కూర్చున్నాడు.

"బడి అచ్చింది గద, గా ముకమేంది?" అంది రుక్కమ్మ.

"నా గవాచి పాయె."

"పోతె పోనీ. ఊరందరి ఇండ్లు కొలిస్తివి, మన వంటింట్ల ఎన్నడన్న కొలిస్తివా? పప్పుల రాయేదో తెల్వది, పప్పేదో తెల్వది. గదానికెప్పుడు కోస్తవ్ కిటికి?"

"రేపే కోస్త" అన్నాడు పాండురంగం, కత్తి విసురు ఇంకా చేతిలో ఉందేమో.

మర్నాడు నేను వెళ్లేసరికి వంటింటి గోడ ముందు గునపం పట్టుకుని చెమటలు కక్కుతున్నాడు. అది అట్ట కాదు, మూరన్నర మందం మట్టి గోడ. అవతలి నుంచి రుక్కమ్మ, "ఇంగ జర మీదికి, ఇంగ జర మీదికి" అని నక్షా చెబుతోంది.