నవ్వడానికి పిలిచిన పాప

ఆ రోజుల్లో నాకు ఒక గట్టి నమ్మకం ఉండేది. నేను నోరు తెరిస్తే నలుగురు నవ్వుతున్నారు కాబట్టి, ఏదో ఒకరోజు టీవీవాళ్ళు నన్ను వెతుక్కుంటూ పుంగనూరు వస్తారని. (మా సందు కనుక్కోవడం కష్టం గనక ఆలస్యమవుతోందని కూడా సర్దిచెప్పుకునేదాన్ని.) డిగ్రీ చదువుతుండగా నిజంగానే పిలుపొచ్చింది. పెద్ద చానెల్ ఏమీ కాదు, మదనపల్లెలో ఒక బట్టల దుకాణం మేడమీద నడిచే కేబుల్ చానెల్. ఉగాదికి హాస్య కార్యక్రమం పెడుతున్నారట. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళకు అప్పటికప్పుడు ఒక విషయం ఇస్తారు, దానిమీద నవ్వు పుట్టించాలి. కాలేజీ వార్షికోత్సవంలో నా మాటలు విన్నవాళ్ళెవరో నా పేరు చెప్పారు.

మా నాయన రెండు రోజులు ఆలోచించి, "పోతే పో. మీ అత్తను మాత్రం తోడు తీసకపో" అన్నాడు. అత్త అంటే ఆయన అక్క, సదుంలో ఉండేది. నాకు వచ్చిన కాస్త హాస్యమూ ఆమె కొంగు పట్టుకుని తిరిగి నేర్చిందే. ఎంత మాటన్నా ఆమె ముఖంలో ఒక్క గీత కూడా కదిలేది కాదు. పెళ్ళిళ్ళలో ఆమె పక్కన చోటు కోసం ఆడవాళ్ళు పోట్లాడుకునేవారు. చావు ఇళ్ళలో మాత్రం వెనక వరసలో కూర్చోబెట్టేవారు, ముందు వరసలో ఏడ్చేవాళ్ళకు ఇబ్బందిగా ఉంటుందని. అలాంటి మనిషిని నాకు కాపలాగా పంపి, మా నాయన నిశ్చింతగా అంగడి తెరవడానికి వెళ్ళిపోయాడు.

అమ్మ పట్టుచీర కట్టుకుని, దారి పొడుగునా బస్సు కిటికీతో మాట్లాడుతూ సాధన చేసుకుంటూ నేను అత్తతో మదనపల్లె చేరాను. మేడమీద బల్ల దగ్గర ముగ్గురు మగవాళ్ళున్నారు. ఒకాయన మిమిక్రీ చేసేవాడు, ఒకాయన రిటైరైన బ్యాంకు ఉద్యోగి, మూడో ఆయన కార్యక్రమం నడిపే పెద్దమనిషి. ఆ ఎండల్లో కూడా నల్లకోటు విప్పడు గనక మేము ఆయనకు కోటన్న అని పేరు పెట్టుకున్నాం. ఆయన నాకు బల్ల చివర కుర్చీ చూపించి, "పాపా, నువ్వీడ కూర్చో. జోకు పడినప్పుడంతా కెమెరా నీ మీదికొస్తాది. బాగా నవ్వాల" అన్నాడు.

"నేనెప్పుడు మాట్లాడాలన్నా?"

"సూద్దాంలేమ్మా, టైముంటే."

విషయం టమాటా అన్నారు. మదనపల్లెలో ఇంకేముంటుంది. బ్యాంకాయన, కోపమొస్తే తన భార్య ముఖం టమాటా అవుతుందన్నాడు. మిమిక్రీ ఆయన, తన భార్య చేసే టమాటా చారు తాగి ఏ నటుడు ఎలా మూలుగుతాడో మూలిగి చూపించాడు. కోటన్న కూడా తన భార్య దగ్గరికే వెళ్ళాడు. (ఆ ముగ్గురు ఇల్లాళ్ళూ ఆ సమయంలో ఇళ్ళలో ఏం చేస్తున్నారో పాపం.) నేను కోటన్న చెప్పినట్టే నవ్వాను. దవడలు నొప్పి పుట్టాయి. చివరికి ఎవరూ అడగకుండానే నా నోరు కదిలింది.

"మార్కెట్లో ధర పలకని టమాటాలను రోడ్డు పక్కన పారబోస్తాండారు. ధర పలకని మగోళ్ళను మాత్రం కోటు తొడిగి టీవీలో కూర్చోబెడతాండారు."

కెమెరా పట్టుకున్నతను కిసుక్కుమన్నాడు. కోటన్న కూడా నవ్వాడు, అది ఒప్పుకోవాలి. నవ్వి, కళ్ళు తుడుచుకుని, "మాట బాగుండాది. ఆడపిల్ల నోట్లో అంత బాగుండదు. మన మిమిక్రీ అన్న అంటాడు, నువ్వు నవ్వు పాపా" అన్నాడు.

మిమిక్రీ ఆయన అన్నాడు. నాకు నవ్వు రాలేదు. మళ్ళీ అన్నాడు. పళ్ళు కనిపించాయి గానీ అది నవ్వు కాదని కెమెరా అతను చెప్పాడు. మళ్ళీ మళ్ళీ తీశారు. నా మాట అవతలివాళ్ళ నోట్లో నలిగిపోతూ ఉంటే కళ్ళలో నీళ్ళు తిరగడం మొదలైంది. "ఏమ్మా, ఇంత చిన్న పని చేతకాదా?" అని కోటన్న విసుక్కున్నాడు. అప్పుడు లైటు స్టాండు వెనక చీకట్లోంచి అత్త గొంతు వచ్చింది, సంతలో బేరమాడినంత మామూలుగా.

"అప్పా, పాప మాట ఆయప్పకు ఇచ్చేస్తిరి. ఆ నవ్వు గూడా ఇంకో అప్పకు ఇచ్చేయండి. నా సంచిలో ఇంకో చీరుండాది, అది గూడా ఆయప్పకే కట్టండి. మేము పుంగనూరు బస్సుకు పోతాం."

ఆ గదిలో నవ్వనిది అత్త ఒక్కతే. బ్యాంకాయన బల్లమీద తల పెట్టేశాడు. నేను కడుపు పట్టుకుని, కళ్ళనీళ్ళు కారుతుండగా నవ్వాను. కెమెరా అతను తెలివైనవాడు, ఆపకుండా తీసుకున్నాడు.

ఉగాదినాడు పుంగనూరులో మా ఇంటి ముందుగది నిండిపోయింది. తెరమీద మిమిక్రీ ఆయన నా మాట అన్నాడు, వెంటనే నా నవ్వు. "భలే అన్నాడే ఆయప్ప" అని మా నాయన తొడ కొట్టుకున్నాడు. పండక్కి వచ్చి, ఓ మూల అనపగింజలు వొలుస్తున్న అత్త తలెత్తకుండా, "పాప బాగా నవ్వినాదిలే" అంది. మర్నాడే చానెల్ వాళ్ళు ఫోన్ చేసి, ఆ నవ్వే పాపను మళ్ళీ పంపమన్నారు. నేను ఎగిరి ఫోన్ అందుకోబోయేలోపు అత్తే మాట్లాడింది. "నవ్వే పాప లేదప్పా. మాట్లాడే పాపుండాది, పంపమంటారా?" కనుక్కుని చెప్తామన్నారు. ఇంకా కనుక్కుంటున్నట్టున్నారు.

నేను కుప్పంలో టీచరునయ్యాను. అత్త పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు పెద్ద చానెళ్ళలో పెద్ద బల్లలు వచ్చాయి, బల్ల చివర ఇప్పటికీ ఒక అమ్మాయి నవ్వుతూ ఉంటుంది. ఆ పిల్ల తలలో ఏ మాట తిరుగుతోందో అని నేను వంట మాడ్చుకుంటూ చూస్తుంటాను. మొన్న మా బడి ఆడపిల్లలు అలాంటి కార్యక్రమమే వేశారు. బల్ల చుట్టూ అందరూ ఆడపిల్లలే, ఎవరి మాట వాళ్ళదే. అది చూసిన ఉత్సాహంలో నేను ఈ కథ చెప్పాను. నా నోట్లో అత్త మాట పాఠంలా వినిపించింది, పిల్లలు మర్యాదగా నవ్వారు. ఒక పిల్ల మాత్రం వదల్లేదు. "మేడమ్, ఆయమ్మ ఇంకా ఏమేమి చెప్పేది?"

చెప్పబోయాను. ఒక్కటీ రాలేదు. ఆమె పక్కన కూర్చుని అన్నేళ్ళు నవ్వానే గానీ, దాచుకోవాలని ఎప్పుడూ తోచలేదు. రేపు చెప్తానన్నాను. అప్పటినుంచి కూరగాయలు తరుగుతూ, బస్సులో కూర్చుని వెతుక్కుంటున్నాను. ఎప్పుడైనా ఒక ముక్క దొరికితే నాలో నేనే నవ్వుకుంటాను. "యాల నవ్వుతాండావు?" అంటాడు మా ఆయన. చెప్తాను. ఆయనకు నవ్వు రాదు. "మీ అత్త చెప్పుంటే బాగుండేదేమో" అంటాడు, నిజమేనని నేను మళ్ళీ కత్తిపీట ముందు కూర్చుంటాను.