ఎనిమిదిన్నర కడుపునొప్పి

మా పాప రెండో తరగతిలో ఉన్నప్పుడు దానికి రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు కడుపునొప్పి వచ్చేది. తొమ్మిదింటికి బడిగంట కొట్టేదాకా మంచం మీద మెలికలు తిరిగేది. గంట కొట్టి, గేటు మూసి, ఇంక పంపినా లాభం లేదని నేను ఊరుకున్నాక మెల్లగా లేచి వచ్చి, "అమ్మా, ఇంకో దోసె ఉందా?" అనేది. ఆదివారం ఒక్కరోజు ఆ నొప్పికి కూడా సెలవు.

గిద్దలూరులో మాది ఫ్యాన్సీ దుకాణం. బడి రెండు వీధుల అవతలే. చేయని వైద్యం లేదు. వాము నీళ్లు తాపినాను, దిష్టి తీసినాను. డాక్టరు పొట్ట నొక్కి చూసి, "ఏం లేదమ్మా, బడి దొంగ" అని నవ్వినాడు. గాజులు కొనను వచ్చిన ఒకామె, "రెండు తగిలించు, అదే పోతది" అన్నది. ఒకరోజు తగిలించినాను కూడా. ఆ రోజు ఏడ్చుకుంటా పోయింది. మరుసటి రోజు నొప్పి ఎనిమిదింటికే వచ్చింది.

ఫోనులో ఈ కథంతా విని మా నాయన పెద్దారవీడు నుంచి బస్సెక్కి వచ్చేసినాడు. ఆయనకు బర్రెలతో ఉన్నంత పరిచయం బడితో లేదు. మరుసటి పొద్దున మనవరాలి మంచం అంచున కూర్చొని, "నేనూ వస్తా పా. నన్ను చేర్చుకుంటారేమో అడుగుదాం" అన్నాడు.

"నీకు యూనిఫాం లేదు గదా తాతా!"

"పంచె తెల్లగానే ఉంది గదా."

ఆ నవ్వులోనే చెప్పులేసుకొని బయల్దేరింది. హెడ్‌మిస్ట్రెస్ మంచామె, తరగతి ముందు వరండాలో కుర్చీ వేయించింది. రెండో రోజుకే మా నాయన ఎక్కాలు పిల్లలకంటే గట్టిగా చెప్తున్నాడని టీచరమ్మ మందలించిందంట.

మూడో రోజు సాయంత్రం ఇంటికొచ్చి, పాప నీళ్ల బాటిలు తీసి నా ముందు పెట్టినాడు. మూతిదాకా నిండుగా ఉంది. బతిమాలో బెదిరించో బడికి పంపిన రోజుల్లో ఆ బాటిలు ఎప్పుడూ అట్లనే తిరిగొచ్చేది. నేను ఆ నీళ్లు మల్లెచెట్టుకు పోసేదాన్ని.

"మూడు రోజులు చూసినా, గుక్కెడు కూడా మింగలేదు. ఎండలో బర్రె నీళ్లు తాగలేదంటే తొట్టి కాడ ఏదో దాన్ని బెదరగొట్టినట్టు. అడుగు దాన్ని" అన్నాడు.

అడిగినాను.

"తాగితే బాత్రూముకు పోవాల" అన్నది, తల వంచుకొని.

"పోతే ఏందంట?"

"లోపల గడియ పడదు. ఒకరోజు మూడో క్లాసోళ్లు తలుపు తీసి నవ్వినారు."

పగలంతా బిగబట్టుకునే బిడ్డకు నొప్పి రాకుంటే ఎట్ల? ఆ భయమే తెల్లారేసరికి కడుపులో మెలిపెట్టేది. నేను దాన్ని నాటకమన్నాను.

"ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదే?"

"నువ్వు కడుపు గురించే అడిగినావు గదమ్మా. తలుపు గురించి అడగలేదు."

పొద్దున్నే ముగ్గురం పోయినాము. "వడ్రంగికి చెప్పినామమ్మా, రేపు వస్తాడు" అన్నది హెడ్‌మిస్ట్రెస్.

"ఆ రేపు ఎప్పుడొస్తదో గానీ, నేను ఈ రోజే వచ్చినా" అని మా నాయన బజారుకు పోయి కొత్త గడియ, స్క్రూడ్రైవర్ తెచ్చినాడు. మోకాళ్ల మీద కూర్చొని, పాప చేతికి అందేంత కిందికి బిగించినాడు. పాప లోపలికి పోయి గడియ వేసుకొని, "ఇప్పుడు తొయ్యి తాతా!" అని అరిచింది. తోసినాడు. కదల్లేదు. లోపల ఒకటే నవ్వు. అది చూసి తరగతిలోని ఆడపిల్లలంతా వరుస కట్టినారు, "నాకూ తాతా, నాకూ!" అంటా. పది పన్నెండు సార్లు తోసేసరికి ఆయన భుజం పట్టేసింది. రెండు రోజులు నొప్పి మందు రాసినాను.

దెబ్బకు అంతా కుదిరిందని చెప్పను. మరుసటి సోమవారం మళ్లీ మూలిగింది. ఈసారి నేను తిట్టలేదు, పక్కన కూర్చున్నాను. ఆ రోజు నిజంగా ఏం లేదు, ఉత్త బద్ధకం. ఇద్దరం నవ్వుకొని, కొంచెం ఆలస్యంగానే బయల్దేరినాము. దోవలో, కొట్టినందుకు తప్పయిందని చెప్పినాను. అది, "సరేలే, నీకు తెలీదు గదా" అన్నది. గేటు కాడ నా చెయ్యి విడిపించుకొని, వెనక్కి చూడకుండా లోపలికి పరుగెత్తింది.