ఒకే ఘాటీ మీద మూడు గీతలు

ఆ పెట్టెలో తెలుగు లేదు. దానితో నా మొదటి తగాదా అదే.

అరచేతిలో ఇమిడే జీపీఎస్ పెట్టె. పైన చిటికెన వేలంత కొమ్ము, పక్కన బొత్తాలు. ఆకాశంలో తిరిగే శాటిలైట్లతో మాట్లాడుతుందట గాని, అరకులో అరుగు మీద కూర్చున్న నాతో మాట్లాడాలంటే నేనే ఇంగ్లీషు నేర్చుకోవాలి. నేర్చుకున్నాను. నేను బడి గడప తొక్కినవాణ్ణి కాను. ఈ కొండల్లో రైలు లైను వేసేటప్పుడు మా నాన్న మైదానం నుంచి పలుగు పట్టుకుని వచ్చాడు. ఆయన వెనకాల వచ్చి ఇక్కడే ఉండిపోయాను. తెలుగు లారీల వెనక రాతలు చూసి నేర్చుకున్నాను. ఇంగ్లీషు మైలురాళ్ళ మీద మొదలుపెట్టాను. పెట్టెతో వచ్చిన పుస్తకాన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని ఒక వానాకాలమంతా చదివాను. నా వయసువాడికి ఇవన్నీ ఎందుకని నవ్వినవాళ్ళున్నారు. నవ్వనీ.

పెట్టె ఇచ్చింది మా అల్లుడు. విశాఖపట్నంలో ఉద్యోగం. "మామయ్యగారూ, కొండెక్కే ఘాటీ దారుల్లో ఫోను పలకదు కదా. ఇది జీపులో పెట్టుకుంటే మీరు తిరిగిన దారంతా గీత గీసి దాచిపెడుతుంది" అన్నాడు. వయసంతా ఏజెన్సీలో జీపు తోలినవాణ్ణి, ఇప్పటికీ ఇంటిముందు సొంత జీపు ఉన్నవాణ్ణి. ముచ్చటపడి ఇచ్చాడనే అనుకున్నాను.

ముచ్చట నాకూ కలిగింది, అబద్ధమెందుకు? రేపు ప్రయాణమంటే ఈ సాయంత్రమే కూర్చుని, ఏ ఊరి మీదుగా పోవాలో ఒక్కొక్క చుక్కా పెట్టుకుంటూ దారి కట్టుకునేవాణ్ణి. సీలేరు వెళ్ళాను, అక్కణ్ణుంచి మారేడుమిల్లి దిగాను. ఇంటికొచ్చి చూసుకుంటే నేను తిరిగిన ప్రతి మలుపూ ఆ చిన్న అద్దంలో వానపాములా మెలికలు తిరిగి ఉండేది. ఎన్నేళ్ళు తోలినా, నా దారి నాకు అలా పైనుంచి కనబడటం అదే మొదలు.

కానీ ఆ పెట్టెలోని మ్యాపు చూస్తే ఒళ్ళు మండేది. హోటళ్ళున్నాయి, గుడారాలున్నాయి, మబ్బుల ముందు నిలబడి ఫొటోలు దిగే చోట్లున్నాయి. మనుషులు కాపురాలు చేసే ఊళ్ళు మాత్రం లేవు. కొండమీద పది గడపలుంటే ఊరు కాదా? అల్లం, పసుపు, రాజ్మా అక్కణ్ణుంచే దిగాలి, ఊరి పేరు మాత్రం ఎక్కకూడదు! నేనే ఎక్కించాను. వెళ్ళిన ప్రతి ఊరి దగ్గరా జీపు ఆపి, బొత్తాం నొక్కి, నాకొచ్చిన ఇంగ్లీషు అక్షరాల్లో పేరు కొట్టాను. మంచినీళ్ళ ఊటలు, గేదెలు పడుకునే మలుపులు, వానొస్తే చక్రం దిగబడే చోట్లు, అన్నీ పెట్టాను.

మా అమ్మాయి, అల్లుడు రెండు రోజులు ఉండి వెళదామని వచ్చినప్పుడు పెట్టెకి వైరు తగిలించి, ల్యాప్‌టాప్‌లో నా గీతలు తెరిచారు. నేను సంబరంగా పక్కన కూర్చున్నాను. మా అమ్మాయి ముంచింగిపుట్టు సంతకి వెళ్ళొచ్చిన గీత దగ్గర ఆగిపోయింది.

"ఏటి నాన్నా ఇది? లోయ మీంచి ఎగిరిపోయినట్టుంది?"

"అక్కడ చెట్ల కింద దానికి ఆకాశం కనపళ్ళేదు. ఎగిరింది అదీ. నాను రోడ్డు మీదే ఎల్లేను."

"సరే. మరి ఇది? ఒకే ఘాటీ మూడుసార్లు ఎక్కేవు, మూడుసార్లు దిగేవు." గొంతు తగ్గించింది. "దారి మర్చిపోయేవా నాన్నా?"

ఆమె వెనకటి సంతరోజు గీత తెరిచింది. దాంట్లోనూ అంతే. అంతకు ముందుదీ అంతే.

అల్లుడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "వయసుతో వస్తుంది మామయ్యగారూ, ఇందులో తప్పేం లేదు. ఇక జీపు తోలడం మానేయండి. డ్రైవర్ని మాట్లాడదాం."

అప్పుడు అర్థమైంది ఆ పెట్టె ఎందుకొచ్చిందో. నా దారి నాకు చూపించడానికి కాదు, నన్ను వీళ్ళకి చూపించడానికి.

"తాళం ఇచ్చీ నాన్నా," అంది అమ్మాయి చెయ్యి చాపి.

"ఇవ్వను."

"ఎందుకెక్కేవు నాన్నా" అని ఒక్కరు అడిగి ఉంటే చెప్పేవాణ్ణి. దారి మర్చిపోయావా అని అడిగారు. ఈ కొండల్లో నన్ను ఆ మాట అడిగిన మనిషి అంతవరకూ లేడు. దానికి నా నోట్లోంచి జవాబు రాదు.

"రేపు ముంచింగిపుట్టు సంత. ఒచ్చి పక్కన కూకో. దారి మర్సిపోతే తాళం నువ్వే లాక్కో" అన్నాను.

అల్లుడు ఆఫీసు పనుందని ఇంట్లో ఉండిపోయాడు. అమ్మాయి వచ్చింది. జీపెక్కగానే ముక్కు మూసుకుంది. "ఏటీ ఎండుచేపల కంపు?" అంది. పాడేరు, పెదబయలు దాటాం. తను డాష్‌బోర్డు మీది పెట్టెనే చూస్తోంది. నేను రోడ్డు చూస్తున్నాను.

సంత నుంచి కొంత దూరం పోతే, తారురోడ్డు వదిలి కొండమీది ఊళ్ళకి ఎక్కే మట్టిదారి ఉంటుంది. దాని మొదట్లో ఒక కల్వర్టు. సర్వీసు జీపులు తారురోడ్డు దిగవు. అక్కణ్ణుంచి పైకి నడకే. పొద్దున అడ్డాకులు, చీపుర్లు మోసుకుని దిగిన ఆడవాళ్ళు, ఉప్పు, ఎండుచేపలు కొనుక్కుని, మధ్యాహ్నం ఆ కల్వర్టు గోడ మీద కాసేపు కూర్చుని, మళ్ళీ మూట ఎత్తుకుంటారు. ఎక్కుడులో నెత్తిమీద బరువున్న మనిషిని దాటి ఖాళీ బండి పోకూడదు. ఇది ఏ లైసెన్సు పరీక్షలోనూ అడగరు. నాకు బండి నేర్పిన డ్రైవరు మొదటిరోజే చెప్పాడు. అప్పట్లో ఈ ఏజెన్సీలో స్టీరింగు పట్టిన ప్రతివాడికీ తెలుసు. ఇప్పుడు హారన్ కొట్టి, దుమ్ము లేపి, దాటిపోతున్నారు. నేను దాటను.

జీపు చూడగానే కల్వర్టు మీద కేకలు లేచాయి.

"బావో! బేగొచ్చీసేవు ఈవేళ! ముందుసీట్ల ఆ గుంటెవులు?"

"నా కూతురు."

"కూతురా? కొత్త క్లీనరనుకున్నాం. మూట అందుకోమను!"

మా అమ్మాయి బిత్తరపోయి చూసి, తర్వాత మూట అందుకుంది. వెనకాల ఒకరి మీద ఒకరు కూర్చున్నారు. పైదాకా ఎక్కి, దింపి, తిరిగొచ్చాం. గోడ మీద ఇంకా అంతమంది ఉన్నారు. తను నావైపు చూసింది. నేను చూడలేదు.

"ఈ ట్రిప్పులప్పుడు ఆ పెట్టె కట్టీసుంటే నిన్న గొడవే లేదు కదా నాన్నా."

"దొంగసరుకు తోల్తన్నానేటి, కట్టీడానికి?"

రెండోసారి నిండిపోయాక, మోకాళ్ళ నొప్పులున్న ముసలమ్మ ఒకామె కోడిపుంజుని చంకన పెట్టుకుని మిగిలిపోయింది. "నాను మళ్ళీ వస్తానులే" అంటూ గోడకి జారగిలబడబోయింది. మా అమ్మాయి దిగిపోయింది. "ఆవిణ్ణి ఎక్కించుకో నాన్నా. నేనుంటాను." సగం ఘాటీ ఎక్కాక చూసుకుంటే డాష్‌బోర్డు మీద పెట్టె లేదు. దాన్ని చేత్తో పట్టుకునే దిగిపోయింది.

నేను తిరిగొచ్చి ఇంజను ఆపేసరికి పెట్టె ఆడవాళ్ళ మధ్య చేతులు మారుతోంది.

"నీ బాబు ఎక్కడున్నాడో ఇది సెప్తాదా?" అడుగుతోంది ఒకామె.

"అబ్బే. నేనెక్కడున్నానో చెప్తుంది" అంది మా అమ్మాయి.

"నువ్వెక్కడున్నావో నీకు తెల్దేటే?"

అందరూ విరగబడి నవ్వారు. తనూ నవ్వింది. నేను హారన్ కొట్టాను, లేకపోతే ఆ నవ్వులు తెమిలేలా లేవు.

మూడోసారి మిగిలినవాళ్ళతో పాటు తనూ ఎక్కింది, ఎవరిదో ఉప్పుమూట ఒళ్ళో పెట్టుకుని. పైన దిగిన ఆమె ఒక పనసకాయ జీపులో పడేసి, వద్దనేలోగా వెళ్ళిపోయింది. ఇంటిదాకా తను ముక్కు మూసుకోలేదు.

ఇంటికి రాగానే అల్లుడు పెట్టెకి వైరు తగిలించాడు. గీత తిన్నగా కల్వర్టు దాకా వచ్చింది, ఒకసారి ఎక్కి దిగింది. తర్వాత కల్వర్టు దగ్గరే దారపు ఉండలా చిక్కుపడి ఉంది. ఉన్నచోటే ఉంటే ఆ పెట్టె అలాగే తడుముకుంటుంది. చివర్న గీత మళ్ళీ ఒకసారి ఎక్కి దిగింది.

"చూశావా, ఈసారి మామయ్యగారు ఇక్కడక్కడే తిరుగుతూ ఉండిపోయారు" అన్నాడు దిగులుగా.

"అది నాన్న కాదు, నేను" అంది.

"నువ్వా? అంతసేపు ఏం చేశావక్కడ?"

"కూర్చున్నాను. నాన్న వచ్చి ఎక్కించుకునేదాకా."

అల్లుడు మా ఇద్దరి మొహాలూ చూశాడు. జరిగింది తనే చెప్పింది, కోడిపుంజుతో సహా. అతను విని, మెల్లిగా వైరు ఊడదీశాడు.

అంతటితో వదిలే రకం కాదు నా కూతురు. పనసకాయకి కత్తిపీట సిద్ధం చేసుకుంటూ మళ్ళీ మొదలుపెట్టింది. "మంచు పడే నెలల్లో మాత్రం వద్దు నాన్నా. బానెట్టు ముందు ఏముందో కనపడదు. ఆ నెలలు మానీ."

"మంచు పడే నెలల్ల ఆళ్ళు ఉప్పు తినడం మానేత్తారా?"

చేతికి నూనె రాసుకుంది. "అయితే మంచులైట్లు వేయించు."

"ఏయిత్తాను."

"కళ్ళు చూపించుకో."

"సూపించుకుంతాను."

అల్లుడు పెట్టెలో కొత్త బ్యాటరీలు వేసి, మూత బిగించి, నా పక్కన పెట్టాడు.

"మరి తాళం?" అంది.

"ఇవ్వను."