సీటు మీద ఇసుక సంచులు

మా ఆయన లోయెల్ అబద్ధాలకోరు కాదు. కానీ బరువెంతని అడిగితే మాత్రం రెండు వందల పది పౌన్లంటాడు. కడుపులో గడ్డ తీసి పద్నాలుగు నెలలైంది. ఆయన బెల్టుకి నేనే మేకుతో మూడు కొత్త బెజ్జాలు పొడిచాను. అయినా తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

ఆయన స్వయంగా కట్టుకున్న హాట్ రాడ్ కారు ఒకటుంది, 1932 నాటి బండిని విప్పి వేగానికి తగ్గట్టు మళ్లీ బిగించింది. ముప్పై ఒక్క ఏళ్లలో దాని స్టీరింగు నా చేతికి ఒక్కసారి కూడా ఇవ్వలేదు. "నీకది లొంగదే మావిస్" అనేవాడు. పోయిన నెల బేకర్స్‌ఫీల్డ్ దాటాక, బాదం తోటల మధ్య, నలభై అయిదు మైళ్ల వేగం అందుకోగానే ముందు చక్రాలు వణికాయి. స్టీరింగు ఆయన చేతుల్లోంచి గుంజుకుపోయింది. కాలవ గట్టు అంచున ఆగాం. నా పైప్రాణాలు పైనే పోయాయి. ఆయన మాత్రం దిగి బండిని తిట్టాడు.

ఏటా ఏప్రిల్లో ఆయనా నేస్తాలూ పాత బండ్లేసుకుని కొండలు దాటి సముద్రం దాకా వెళతారు. ఈసారీ వెళ్లి తీరాలని ఆయన పంతం. ఆ వణుకుతో వెళితే తిరిగి రాడని నా భయం.

చక్రాల అలైన్‌మెంట్ కోసం మూడు షాపులు తిరిగాం. ఒకడు తన కంప్యూటర్లో ఈ మోడలే లేదన్నాడు. రెండోవాడు ముందు ఇరుసు చూసి, "ఇది ట్రాక్టరుదాండీ?" అన్నాడు. మూడోవాడు రోజంతా ఉంచుకుని టైర్లలో గాలి కొట్టి ఇచ్చాడు. చివరికి ఎవరో ఆయిల్‌డేల్‌లో డెల్బర్ట్ పేరు చెప్పారు. ఎనభై దాటిన మనిషి. షెడ్డుకి బోర్డు కూడా లేదు. దారం, సుద్దముక్క, కొలత టేపు, అవే ఆయన యంత్రాలు.

డెల్బర్ట్ బండిని జాకీ మీదకెత్తి, చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపాడు.

"చక్రాలు పక్కలకి తిరిగే ఈ కింగ్‌పిన్నులు ఎప్పుడు వేశావయ్యా?"

"బండి కట్టినప్పుడు."

"అరిగిపోయి పదేళ్లయి ఉంటుంది. అప్పట్నుంచీ వణుకుతూనే ఉండాలే. ఎట్లా తోలావు?"

"గట్టిగా పట్టుకుంటే ఆగేది" అన్నాడు మా ఆయన గొప్పగా. అంతలోనే ఆయన మొహం వాడిపోయింది. బండి కొత్తగా చెడలేదు, ఆయన పట్టే సడలింది. ఆ సంగతి ఆయనకీ నాకూ అప్పుడే తెలిసింది.

పిన్నులు మార్చాక, చివరి కొలతలకి మళ్లీ వెళ్లాం. కొలిచేటప్పుడు సీట్లో తోలేవాడి బరువు ఉండి తీరాలంటాడు డెల్బర్ట్. రెండు గంటల పని. లోయెల్ అంతసేపు కూర్చోలేడు కాబట్టి ఇసుక సంచులు పెడతానన్నాడు.

"బరువెంత?"

"రెండు వందల పది."

డెల్బర్ట్ ఆయన్ని ఎగాదిగా చూశాడు. ఇరవై పౌన్ల సంచులు పది, పైన పదిది ఒకటి పేర్చాడు. దారం కట్టబోయి ఆగాడు.

"చూడు లోయెల్. డాక్టరుకి చెప్పు అబద్ధం, పెళ్లానికి చెప్పు, పాస్టరుకి చెప్పు. నా సీటుకి చెప్పకు. నేను వెంట్రుకవాసి దాకా కొలుస్తాను."

మా ఆయన బెల్టు పైకి లాక్కున్నాడు. చెబితే ఆయన పరువు పోతుంది. చెప్పకపోతే మనిషే పోతాడు.

"నూట నలభై" అన్నాను నేనే.

లోయెల్ నా వైపు చూడలేదు. డెల్బర్ట్ చిన్నది దించాడు. తర్వాత పెద్దవి మూడు, ఒక్కొక్కటే. నా మనిషిని నా కళ్లముందే దించేస్తున్నట్టనిపించి ఏడుపు ఆగలేదు. ఏడు మిగిలాయి.

లోయెల్ బోర్లించిన బకెట్ మీద కూర్చుని వాటిని లెక్కపెట్టాడు. తర్వాత నన్నడిగాడు.

"మావిస్, నీ బరువెంతే?"

"నీకెందుకు?"

"నాక్కాదు, పెద్దాయనకి చెప్పు."

"నాకు లొంగదన్నావుగా?"

"ఇప్పుడు చిటికెన వేలితో తోలొచ్చు. నేను పక్కన కూర్చుంటాలే. సముద్రం చూడాలనుంది."

లైసెన్సు మీద నూట నలభై అయిదని రాయించుకున్నదాన్ని నేను. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో ఆయనకీ అదే చెప్పాను.

"చెప్పమ్మాయ్" అన్నాడు డెల్బర్ట్.

"నూట ఎనభై" అని గొణిగాను.

"అంతేనా? నేను రెండొందలనుకున్నా" అన్నాడు లోయెల్. ఆపరేషనయ్యాక ఆయన నన్ను ఏడిపించడం అదే మొదటిసారి.

దించిన సంచుల్లో రెండు మళ్లీ సీటెక్కాయి. తర్వాత డెల్బర్ట్ మూలనున్న సంచులు తెచ్చి, నా బరువు పక్కన, లోయెల్ కూర్చునే చోట మరో ఏడు పేర్చాడు. ఎన్ని పెట్టాలో ఎవరినీ అడగలేదు.