కొల్లేటికోటలో జారిన దవడ

ఆ రోజుల్లో సర్కారు గుమాస్తా అంటే ఎంత గొప్పవాడో నాకు తెలిసినంతగా ఈ లోకంలో ఇంకెవరికీ తెలియదు. ఎందుకంటే ఆ గుమాస్తాను నేనే. పంతొమ్మిది వందల ముప్ఫైలలో మాట. స్కూలు ఫైనలు ఎలాగో గట్టెక్కి, ఏలూరులో ఒక ఆఫీసులో చేరి నాలుగు నెలలైంది. చేరిన వారానికే నల్లకోటు కుట్టించుకున్నాను. (“ఈ ఎండల్లో కోటేమిట్రా నాయనా” అంది మా అమ్మ. “హోదా” అన్నాను.) అంతలో మద్రాసు నుంచి ఒక ఆర్డరు వచ్చింది. చదువూ పట్టా లేకుండా నాటువైద్యం చేసేవాళ్ళు ఎక్కడెక్కడ ఉన్నారో జాబితా రాసి పంపండి, వాళ్ళ పేర్లు రిజిస్టరులో ఎక్కించాలా వద్దా అన్నది తరవాత ఆలోచిస్తాం అని. అంతే, అంతకుమించి అందులో ముక్క లేదు. ఆ జాబితా పని మా ఆఫీసరుగారు నాకు అప్పజెప్పారు.

ముందు తాడేపల్లిగూడెం వెళ్ళాను. నా కోటు చూడగానే ఆ ఊళ్ళో వైద్యులందరూ బియ్యం మిల్లు గుమాస్తాలైపోయారు. కామెర్లకు పసరు పోసే ఆయనైతే, గుమ్మం ముందు పదిమంది పచ్చకళ్ళవాళ్ళు కూర్చుని ఉండగానే, “వీళ్ళంతా మా చుట్టాలండీ” అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఉత్త జాబితా అంటే ఎవరు లెక్కచేస్తారు? అందుకని ఆ సాయంత్రం సత్రంలో కూర్చుని, నా సొంత తెలివితో ఒక కాగితం తయారుచేశాను. ‘రిజిస్టరులో నా పేరు ఎక్కేవరకు ఏ మనిషి ఒంటిమీదా వైద్యానికి చెయ్యి వేయను’ అని, కింద వేలిముద్రకు చోటు. రాశాక నాలుగుసార్లు చదువుకుని మురిసిపోయాను కూడా.

ఆకివీడు వైపు నుంచి దోనె ఎక్కి, మా ఆఫీసు బిళ్ళ బంట్రోతును వెంటబెట్టుకుని కొల్లేటికోట చేరాను. అక్కడ కీళ్ళ మామ్మ అని ఒకావిడ ఉండేది. అరవై ఏళ్ళుంటాయి. ఇంటి ముందు వల బాగుచేసుకుంటోంది. చేపలు పట్టే మనిషి ఒకడు భుజం జారి ఆమె ఎదుట కూర్చున్నాడు. ఆమె వల పక్కనపెట్టి, కళ్ళు మూసుకుని, వాడి భుజం చుట్టూ వేళ్ళతో నెమ్మదిగా తడిమింది. “పిల్ల పెళ్ళి కుదిరిందంట కదరా?” అని అడిగింది. వాడు జవాబు చెప్పడానికి నోరు తెరిచేలోగా కటుక్కుమంది. వాడు చెయ్యి పైకెత్తి, కిందికి దించి, నవ్వాడు. గోళ్ళు చీలి, నీళ్ళకు నానిన ఆ ముసలి వేళ్ళకి చర్మం లోపల ఉన్న ఎముక ఎలా కనిపించిందో నాకు ఇవాళ్టికీ తెలియదు. కాళ్ళ మీద పడదామనిపించింది. కోటు అడ్డొచ్చి, దగ్గి ఊరుకున్నాను.

తరవాత నా కాగితం తీసి, సర్కారు ఆర్డరన్నట్టు గట్టిగా చదివాను. చుట్టూ మూగినవాళ్ళు ఒకడుగు వెనక్కి వేశారు.

“సర్కారు వద్దంటే మానేస్తానండీ,” అంది మామ్మ. “కానీ బాబుగారూ, కాలు విరిగినోణ్ణి ఏలూరు ఆసుపత్రికి చేర్చాలంటే ఒక పూట పడుద్దండీ. ఆ లోపల ఏం చెయ్యమంటారు?”

“అది ఆర్డరులో లేదు,” అన్నాను.

ఆమె మారుమాట లేకుండా వేలిముద్ర వేసింది. సరిగ్గా అప్పుడే ఒక తల్లి రెండేళ్ళ పిల్లవాణ్ణి ఎత్తుకుని పరుగున వచ్చింది. ఎవరో చెయ్యి పట్టి లాగితే మోచెయ్యి జారిందట, గుక్కపట్టి ఏడుస్తున్నాడు. మామ్మ రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకుంది. “ఇప్పుడే మాటిచ్చానమ్మా,” అంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ తల్లి నావైపు చూసింది. నేను కొల్లేటివైపు చూశాను. తెల్లవారుజామున లేచిన బడలికో, చేసిన పాపమో, పెద్ద ఆవలింత వచ్చింది. అలవాటు ప్రకారం నోటి ముందు చిటిక వేశాను. చిటిక పడింది గాని నోరు మూతపడలేదు.

దవడ జారిపోయింది. ఆ నొప్పి వర్ణించలేను. అది చట్టం కాదు, నేను రాసిందేనని చెప్పబోతే “ఆ ఆ ఆ” తప్ప ఏమీ రాలేదు. చొంగ కోటు మీద కారుతోంది. బంట్రోతు కంగారుపడి, “మామ్మగారూ, కాస్త మా గుమాస్తాగారిని చూద్దురూ,” అన్నాడు.

“ఎలాగండీ? వేలి మీద సిరా కూడా ఆరలేదు,” అంది ఆమె. వెటకారం కాదు, నిజంగానే దిగులుగా అంది.

గబగబా ఆ కాగితం తీసి, అందరూ చూస్తుండగా ముక్కలు ముక్కలుగా చింపేశాను. “సర్కారు కాగితం చింపేశారేంటండీ!” అని బంట్రోతు లబలబలాడాడు. “ఇంక చెయ్యొచ్చా అండీ?” అని అడిగింది మామ్మ. తల ఊడిపడేలా ఊపాను. ఆమె నన్ను దాటుకుని పిల్లవాడి దగ్గరికి వెళ్ళింది. “వాడు ముందొచ్చాడు కదండీ,” అంది. నేను నోరు తెరుచుకుని వరసలో నిలబడ్డాను. (ఆఫీసరుగారి దగ్గర కూడా అంత వినయంగా నిలబడలేదు.) పిల్లవాడి మోచెయ్యి ఇలా తిప్పి అలా మడిచింది, వాడు ఏడుపు ఆపి ఆమె ముక్కుపుడక పట్టుకు లాగాడు. అప్పుడు నా వంతు. బొటనవేళ్ళకు చీర చెంగు చుట్టుకుని నా నోట్లో పెట్టి, కిందికి నొక్కి వెనక్కి తోసింది. చెంగుకంటిన సిరా చేదు నాలుకకు తగిలింది. దవడ కూర్చుంది.

“మామ్మగారూ, ఆ మాట సర్కారు అనలేదండీ. నేనే రాశాను,” అన్నాను, అందరూ వింటుండగానే. సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె వేళ్ళకు చుట్టిన చెంగు విప్పుకుంది. “చిన్నతనం,” అంది. “ఇంక మాట్లాడకండి బాబుగారూ, మళ్ళీ జారుద్ది.”

జరిగింది జరిగినట్టు రాసి ఆఫీసరుగారికిచ్చాను. ఆయన చదివి, కళ్ళజోడు తీసి, చాలాసేపు నా దవడవైపే చూశారు. మామ్మ పేరు మద్రాసు వెళ్ళింది. జాబితాలో ‘చదువు’ అన్న గడి ఖాళీగా ఉందని తిరిగొచ్చింది. ఆవిడ మాత్రం పోయేదాకా ఎముకలు కూర్చుతూనే ఉంది, ఎవరూ అడ్డుకోలేదు. నా సర్వీసు రిజిస్టరులోకి మాత్రం ఒక వాక్యం ఎక్కింది. ‘ఇతడు విచారణకు వెళ్ళి, లేని ఉత్తర్వు కల్పించి, విచారింపవలసిన వ్యక్తి చేతనే వైద్యము పొందెను’ అని. ఒక ప్రమోషను రెండేళ్ళు వెనక్కి వెళ్ళింది. రిటైరయ్యే రోజున కొత్త గుమాస్తా ఒకడు, కోటు కూడా లేని కుర్రవాడు, ఆ పేజీ చూసి నొచ్చుకుని, “పైవారికి రాసి ఈ మచ్చ తీయించమంటారా అండీ?” అని అడిగాడు. వద్దు నాయనా అన్నాను. సర్కారు రిజిస్టర్లన్నిటిలో ఆవిడ సంగతి ఉన్నది ఆ ఒక్క వాక్యంలోనే.